శాలువా సరే, స్టూడియో అద్దె ఎవరు కడతారు?

అలివి వల ఒడ్డుకు లాగేటప్పుడు పదిమంది చేతులు ఒక్కసారిగా కదలాలంటే పాట కావాలి. ఒకరు ఎత్తుకుంటారు, మిగిలినవాళ్లు హైలెస్సా అని అందుకుంటారు. మోటారు పడవలొచ్చాక ఆ పాటతో పని తగ్గింది, పాట తెలిసినవాళ్లూ తగ్గుతున్నారు. నెల్లూరు తీరంలో మైపాడు పక్కనో, జువ్వలదిన్నె పక్కనో నలుగురు పాటగాళ్లు ఒకచోట కూడి, ఉన్న పది పాటలూ పదిలంగా రికార్డు చేయిద్దామని అనుకున్నారనుకోండి. అప్పుడు మొదట వచ్చే ప్రశ్న రాగం గురించీ కాదు, తాళం గురించీ కాదు. "డబ్బులెవరిస్తారన్నా?"

ఈ ప్రశ్నకు కెనడాలో ఫ్రెంచిలో పాడేవాళ్లకు జవాబు దొరికి నలభై ఏళ్లయింది. మన దగ్గర దొరికింది సగం జవాబే. మిగతా సగం ఎక్కడుందో వెతకడానికి ముందు వాళ్ల పద్ధతి కాస్త చూద్దాం. ఫ్రెంచివాళ్లకూ నెల్లూరు తీరానికీ పెద్ద చుట్టరికం లేదు. పులికాట్‌లో డచ్చివాళ్లు కోట కట్టారు, దుగరాజపట్నంలో ఇంగ్లీషువాళ్లు వర్తక స్థావరం పెట్టారు, ఫ్రెంచివాళ్లు మాత్రం ఎగువన యానాంలో మకాం వేశారు. అయినా ఈ ఒక్క విషయంలో వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది.

కెనడాలో ఫ్రెంచి మాట్లాడేవాళ్లు దాదాపు అయిదో వంతు. చుట్టూ ఇంగ్లీషు, పక్కనే అమెరికా. వదిలేస్తే రేడియోలో ఫ్రెంచి పాట వినపడదు. అందుకని రెండు పనులు చేశారు. మొదటిది, ఫ్రెంచి రేడియో స్టేషన్లు వారంలో వేసే పాటల్లో నూటికి 65 ఫ్రెంచి పాటలే ఉండాలని నియమం పెట్టారు. నియమం పెడితే సరిపోదు, వేయడానికి పాటలుండాలి కదా. అందుకోసం రెండోది, 1985లో మ్యూజికాక్సియోఁ అనే సంస్థ పుట్టింది. ఫ్రెంచి ఆల్బమ్ రికార్డింగుకు డబ్బు ఇవ్వడమే దాని ముఖ్యమైన పని. ఇంగ్లీషు పాటకు ఇలాంటిదే ఫ్యాక్టర్ అనే సంస్థ 1982 నుంచి ఉంది.

ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందన్నదే ఇందులో అసలు విషయం. కొంత ప్రభుత్వ ఖజానా నుంచి. కొంత ప్రైవేటు రేడియోల నుంచి: ఏడాదికి పన్నెండున్నర లక్షల డాలర్లకు మించి రాబడి ఉన్న స్టేషను, ఆ మించిన దాంట్లో అర శాతం సంగీతాభివృద్ధికి ఇవ్వాలని 2006 నాటి రేడియో విధానంలో రాసుకున్నారు. పాట వేసుకుని సంపాదించినవాడు పాట పుట్టడానికి కొంత తిరిగి ఇస్తాడన్నమాట. చెరువు కింద పొలం ఉన్నవాడు పూడికతీతకు రావాలని మన ఊళ్లల్లో కట్టుబాటు ఉండేది చూడండి, ఇదీ అదే. 2024 జూన్‌లో ఈ బాధ్యతను ఇంటర్నెట్‌లో పాటలు వినిపించే పెద్ద కంపెనీల మీదకూ తెచ్చారు, కెనడాలో వచ్చే రాబడిలో 5 శాతం కట్టమన్నారు. కంపెనీలు కోర్టుకెక్కాయి.

ఫ్రాన్సులో దారి వేరు, ఆలోచన మాత్రం ఇదే. 1985లో చట్టం చేసి ఖాళీ క్యాసెట్ల మీద సుంకం వేశారు. జనం ఇంట్లో పాటలు కాపీ చేసుకుంటారు కాబట్టి ఆ నష్టానికి పరిహారం అది. అలా వచ్చిన దాంట్లో నాలుగో వంతు కొత్త రచనలకూ, కచేరీలకూ, శిక్షణకూ ఖర్చు పెట్టాలి. ప్రైవేటు రేడియోల్లో వేసే పాటల్లో నూటికి 40 ఫ్రెంచివి ఉండాలన్న నియమం 1996 నుంచి అమల్లోకి వచ్చింది. 2020లో జాతీయ సంగీత కేంద్రం పెట్టారు. కచేరీ టికెట్ మీద వసూలు చేసే 3.5 శాతం పన్ను దానికి వెళ్తుంది.

ఇందులో దానం ఎక్కడా లేదని గమనించండి. ఆల్బమ్ ఖర్చంతా ఎవరూ ఇవ్వరు, కొంత భాగమే ఇస్తారు. ఫలానా తేదీకి పాట బయటికి రావాలంటారు, బిల్లులు చూపమంటారు. పాటగాణ్ణి వాళ్లు చూసేది చేతివృత్తివాణ్ణి చూసినట్టే: పని చెప్పు, పెట్టుబడిలో మా వాటా ఇస్తాం, సరుకు చూపించు.

మన దగ్గరికి వద్దాం. తెలుగు పాట రికార్డుకు పెట్టుబడి పెట్టినవాడు ముఖ్యంగా సినిమా నిర్మాత. నెల్లూరుకు చెందిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కథలోనే ఇది కనిపిస్తుంది. తండ్రి సాంబమూర్తి హరికథకులు. హరికథకు పోషకులు ఊరివాళ్లు, కథ ముగిశాక తట్టలో పడిందే సంభావన. కొడుకు 1967లో వచ్చిన శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న సినిమాతో గాయకుడయ్యాడు. అక్కడి నుంచి ఆయన పాడిన ప్రతి సినిమా పాట వెనకా స్టూడియోకు డబ్బు కట్టే నిర్మాత ఒకడున్నాడు. తనకు మొదటి అవకాశమిచ్చిన కోదండపాణి పేరుతో చెన్నైలో ఆయనే రికార్డింగ్ థియేటర్ కట్టుకున్నారు. 2020లో ఆయన పోయాక నెల్లూరు ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. మంచి పనే. కానీ ఆ బడిలో చదివిన పిల్ల సినిమాకు కాకుండా సొంతంగా ఒక ఆల్బమ్ చేయాలనుకుంటే ఏ గుమ్మం ఎక్కాలి?

ఒకప్పుడు ఆ గుమ్మం ఆకాశవాణి. 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ కేంద్రం భక్తిరంజనికీ, లలిత సంగీతానికీ కవికిచ్చింది, స్వరకర్తకిచ్చింది, పాడినవాళ్లకిచ్చింది. దాన్ని గ్రాంటు అని ఎవరూ అనలేదు గానీ చేసిన పని గ్రాంటుదే. తర్వాత రాష్ట్ర అకాడమీలు వచ్చాయి. సాహిత్య అకాడమీకి మొదటి అధ్యక్షుడు మన నెల్లూరు జిల్లా పెద్దమనిషి బెజవాడ గోపాలరెడ్డిగారే. 1983లో సాహిత్యం, సంగీత నాటకం, లలితకళల అకాడమీలన్నిటినీ ఒక్కసారిగా రద్దు చేశారు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది గానీ, విశ్వవిద్యాలయం పని వేరు, పాటగాడికి పెట్టుబడి అందించే సంస్థ పని వేరు.

తెలుగులో ఆల్బమ్‌కు గ్రాంటు అంటే ఇదీ అని వేలు పెట్టి చూపించగల ఉదాహరణ ఒకటుంది. అది మనకు పక్కనే, తిరుపతిలో. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టింది. రాగిరేకుల మీద వేల సంకీర్తనలున్నాయి, చాలావాటికి స్వరం లేదు, పాడేవాళ్లు లేరు. పుస్తకం అచ్చేసినంత మాత్రాన పాట బతకదని దేవస్థానం గుర్తించింది. స్వరకల్పనకూ, పాడటానికీ మనుషుల్ని జీతమిచ్చి పెట్టుకుంది. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ 1978 నుంచి 2006 దాకా అక్కడే పనిచేసి ఆరువందలకు పైగా కీర్తనలకు బాణీలు కట్టారు. ఒక మనిషి ఇరవై ఎనిమిదేళ్లు కూడు గురించి కంగారు పడకుండా ఒకే పని మీద కూర్చుంటే ఎంత పండుతుందో అది లెక్క.

అదే కాలంలో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల వచ్చింది. అయిదు ఎల్పీ రికార్డులు. అప్పటికి ఎమ్మెస్, సదాశివం దంపతులు డబ్బుకు ఇబ్బందిపడుతున్నారు. ఊరికే ఇస్తే పుచ్చుకునే మనుషులు కారు. దేవస్థానం కార్యనిర్వహణాధికారిగా ఉన్న పీవీఆర్కే ప్రసాద్ ఆ సాయానికి ఒక పని రూపమిచ్చారు: మీరు అన్నమయ్యను పాడండి, దేవస్థానం రికార్డులు వేయిస్తుంది. నేదునూరి కృష్ణమూర్తి తాను బాణీ కట్టిన కీర్తనలను ఆమెకు నేర్పారు. పాడిన ఆమెకు గౌరవం నిలిచింది, దేవస్థానానికి పాట మిగిలింది, మనకు ప్రొద్దున్నే వినడానికి ఓ గొంతు దొరికింది. శాలువా కప్పి, చెక్కు చేతికిచ్చి, ఫొటో తీయించుకుని పంపేసి ఉంటే ఈ మూడింట్లో ఏదీ జరిగేది కాదు. నా మట్టుకు తెలుగునాట సంగీతం మీద పెట్టిన డబ్బులో అంత బాగా ఫలించింది ఇంకొకటి లేదు.

అయితే ఫ్రెంచి గ్రాంటుకు భాష షరతు అయినట్టే దీనికి భక్తి షరతు. దేవస్థానానికి ఇప్పటికీ శ్రీవేంకటేశ్వర రికార్డింగ్ ప్రాజెక్టు ఉంది. వల లాగే పాట, నాట్ల పాట, యానాదుల పాట దాని పరిధిలోకి రావు. రావాలనడం కూడా న్యాయం కాదు.

మరి మన నలుగురు పాటగాళ్లకు ఏముంది? కేంద్ర సంస్కృతి మంత్రిత్వశాఖకు కళా సంస్కృతి వికాస్ యోజన అని ఒక గొడుగు ఉంది. దాని కింద గురుశిష్య పరంపర సాయం ఉంది, గురువుకు నెలకు 15,000, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 దాకా. పరిశోధనకు రెండేళ్ల ఫెలోషిప్పులున్నాయి, జూనియర్‌కు నెలకు 10,000, సీనియర్‌కు 20,000. అరవై దాటిన పేద కళాకారులకు నెలనెలా భృతి ఉంది. వీటిలో ఏదీ స్టూడియో అద్దె కాదు. గురువుకూ, పరిశోధకుడికీ, వృద్ధుడికీ పద్దులున్నాయి గానీ రికార్డుకు విడిగా పద్దు లేదు.

దగ్గరగా వచ్చేది సాంస్కృతిక కార్యక్రమాలు, ప్రదర్శనల నిర్మాణానికి ఇచ్చే గ్రాంటు. మామూలుగా గరిష్ఠం 5 లక్షలు. ఆమోదించిన ఖర్చులో 75 శాతం వాళ్లిస్తారు, మిగతాది మనం పెట్టుకోవాలి. ఇచ్చేది కూడా రెండు విడతలుగా, ముందు 75 శాతం, లెక్కలు అప్పజెప్పాక 25 శాతం. మన తీరపు పాటలతో ఒక కార్యక్రమానికి 2 లక్షలు ఆమోదించారనుకుందాం. గ్రాంటు లక్షా యాభై వేలు. ముందు చేతికొచ్చేది లక్షా పన్నెండువేల అయిదువందలు. తక్కిన 87,500 మనమే తెచ్చి ఖర్చు పెట్టాలి, అందులో 37,500 తర్వాత ఎప్పుడో తిరిగొస్తాయి. వేట మానేసి వచ్చిన మనిషి దగ్గర ఎనభై ఏడు వేలు ఎక్కడుంటాయి? ఈ పథకంలో పేదవాడు ముందు అప్పు చేయాల్సి వస్తుంది.

మన తీరానికి ఇంకో దారి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కంపెనీల చట్టం, 2013లో 135వ సెక్షన్. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజానికి ఖర్చు చేయాలి. వేటికి ఖర్చు చేయవచ్చో చెప్పే జాబితాలో సంప్రదాయ కళల అభివృద్ధి కూడా ఉంది. తాము పనిచేసే ప్రాంతానికి మొదట ప్రాధాన్యమివ్వాలని చట్టంలోనే రాశారు. కృష్ణపట్నంలో రేవుంది, ముత్తుకూరు పక్కన థర్మల్ కేంద్రాలున్నాయి. కెనడాలో రేడియోవాడు కట్టే అర శాతానికి మన దగ్గర పోలిక ఏదైనా ఉందంటే ఇదే. ఇక్కడ అడిగేవాడు లేక ఆగిపోయింది గానీ చట్టం లేక కాదు. రోడ్డు అడుగుతాం, ఆర్వో నీళ్ల ప్లాంటు అడుగుతాం, పాట అడగడానికి మనకే మొహమాటం.

డబ్బు ఎవరిచ్చినా సంతకం పెట్టేముందు ఒక మాట తేల్చుకోవాలి. రికార్డు ఎవరిది? మన చట్టం ప్రకారం రికార్డు మీద హక్కు దాని నిర్మాతది, విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు. నిర్మాత అంటే బాధ్యత తీసుకుని రికార్డు చేయించినవాడు. కొత్తగా రాసిన పాటైతే కవికీ స్వరకర్తకూ రాయల్టీలో సమాన వాటా ఉంటుంది, దాన్ని రాసిచ్చేసినా చెల్లదని 2012 సవరణ చెప్పింది. వల లాగే పాటకు కవి ఎవరో తెలియదు. కాబట్టి ఒక కంపెనీ దాన్ని రికార్డు చేసిందంటే ఆ ఒక్క రికార్డు మీదే దానికి హక్కు, పాట మీద కాదు. రేపు ఇంకొకరు అదే పాట తమ గొంతుతో పాడుకోవచ్చు. ఈ తేడా తెలియక భయపడి నోరు మూసుకున్నవాళ్లూ ఉంటారు, తెలియక మొత్తం రాసిచ్చేసేవాళ్లూ ఉంటారు. గ్రాంటు కాగితంలో నిర్మాతగా సంఘం పేరే ఉండేలా చూసుకుంటే గొడవ ఉండదు.

సంఘం అంటే రిజిస్టరైన సంఘం. ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి, మన నలుగురికి ఇంకో ముగ్గురు తోడు కావాలి. కేంద్రం గ్రాంటుకైనా, కంపెనీ డబ్బుకైనా ఆ సంఘానికి మూడేళ్ల వయసు, మూడేళ్ల పని లెక్క అడుగుతారు. అంటే ఈ నెలలో రిజిస్టరు చేయించినా దరఖాస్తు పెట్టేది మూడేళ్ల తర్వాతే. ఆలోపు మీ పాలెంలో పాట తెలిసిన పెద్దాయన పక్కన కూర్చుని, గాలి హోరు తక్కువున్న వేళ చూసి, చేతిలో ఉన్న ఫోన్లోనే పాడించి దాచండి. పాటకు ముందు ఆయన పేరు, ఊరు, తేదీ ఆయన నోటితోనే చెప్పించండి.