ఉద్యోగవేదికపై నాలుగు మాటలు

గౌలిగూడలో ఒకప్పుడు ఇనుప రేకుల పెద్ద షెడ్డు ఒకటి ఉండెను. నిజాము కాలము మొదలు 1994లో ఇమ్లీబన్‌కు తరలువరకు నగరపు ప్రధాన బస్టాండు అదియే. 2018 జూలైలో అది కుప్పకూలినది. అచ్చటికి వచ్చిన ప్రయాణికుడు మొదట చూచెడిది బస్సు నుదుటి బోర్డు. ఊరిపేరు కనబడనిచో బస్సు ఎంత క్రొత్తదైనను ఎక్కెడివాడు కాడు.

లింక్డ్‌ఇన్ అను ఉద్యోగవేదికలో వ్రాయువారికి మొదటి రెండు మూడు వరుసలు ఆ బోర్డు వంటివి. 2003లో ఆరంభమైన ఈ వేదికను 2016లో మైక్రోసాఫ్ట్ కొనినది. అప్పటికి దాని అధిపతి మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్లయే. ఇందులో ఒక టపా 3000 అక్షరముల వరకు సాగవచ్చును. కాని చదువరికి మొదట కనబడునవి కొన్ని వరుసలే. తక్కినది మీట నొక్కినగాని తెరచుకొనదు. ఆ కొద్దిచోటును "మీతో ఒక విషయము పంచుకొనుటకు ఎంతయు సంతోషించుచున్నాను" అని వ్యయము చేయువారు పెక్కుమంది. రేడియోలో మేమట్లు మొదలుపెట్టినచో శ్రోతలు వెంటనే వేరొక స్టేషనుకు పోవుదురు!

"కష్టించి పనిచేయుదును" అని ఎవరైనను వ్రాయగలరు. "గౌలిగూడలో ఒక దుకాణమున మూడేండ్లు జమాఖర్చులు చూచితిని, నెలకొకమారు తీయు సరకు లెక్కను వారమునకొకమారు తీయించితిని, తక్కువ పడిన సరకు ముందే తెలియసాగెను" అని వ్రాసినవానిని పిలిచి మాటలాడవలెనని యజమానికి తోచును. ఇది క్రొత్త ఉపాయమేమియు కాదు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించి సమాధానమిచ్చిరి.

అయితే దుకాణపు ఖాతాదారుల పేర్లు, లాభనష్టముల అంకెలు యజమాని అనుమతి లేక బయటపెట్టరాదు. ఉన్న ఉద్యోగమే పోవచ్చును. టపా వ్రాసి మరచుటయు తగదు. ప్రశ్న అడిగినవారికి ఆనాడే బదులీయవలెను. ఇతరుల టపా క్రింద "బాగున్నది" అని విడువక, తాము ఎరిగిన ఒక్క సంగతి చేర్చినచో పరిచయము పెరుగును.

టపా చూచి ఉద్యోగమిత్తుమని వచ్చి, ముందుగా రుసుము చెల్లింపుమని అడుగువారును కలరు. పని వెదకుచున్న ఇంటికి ఆ సొమ్మెంత భారమో మేము చెప్పనక్కరలేదు. అట్టివారికి పైకము పంపరాదు. పొరపాటున పంపినవారు సిగ్గుపడి ఊరకుండక, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను.