కంప్యూటరులో దాచిన పాస్‌వర్డులు - తెలిసికొనవలసిన విషయములు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలోని రైతులు నేడు భూమి పనికైనను, పథకముల దరఖాస్తుకైనను దగ్గరలోని ఇంటర్‌నెట్ సెంటరుకు పోవుచున్నారు. కార్యాలయములలో సైతము ఒకే కంప్యూటరును నలుగురైదుగురు వాడుట కలదు. పాస్‌వర్డు కొట్టగానే, దానిని దాచవలెనా అని బ్రౌజరు అడుగును. తొందరలో సరే అని నొక్కుదుము.

ఈ పొరపాటు నేనును చేసితిని. ఎల్లారెడ్డి వైపు పర్యటనలో నుండగా ఒక సెంటరులో ఈ-మెయిలు తెరచి నివేదిక పంపితిని. నెల తరువాత అక్కడనే కూర్చుని పేరులో మొదటి అక్షరము కొట్టగా, పాస్‌వర్డుతో సహా అంతయు దానంతటదే నిండినది. సెట్టింగులలో చూడగా నాదేకాక, ఎందరో రైతుల పేర్లు వరుసగా నున్నవి. నా పేరు ప్రక్కనున్న కంటి గుర్తును నొక్కితిని. చుక్కలు పోయి అక్షరములు కనబడినవి!

దీనికి కారణము సులభముగనే తెలియగలదు. విండోస్ కంప్యూటరులో క్రోమ్ బ్రౌజరు పాస్‌వర్డులను గూఢలిపిగా మార్చియే ఒక ఫైలులో ఉంచును. కాని ఆ లిపిని విప్పు తాళపుచెవి ఆ విండోస్ ఖాతాలోనే యుండును. గాదెకు తాళము వేసి, చెవిని ద్వారబంధముపై నుంచినట్లు. ఆ ఖాతాలో ఎవరు కూర్చున్నను వారే యజమానులని కంప్యూటరు తలచును. దాచిన పాస్‌వర్డులు ఎవరికైనను అట్లే కనబడుచున్నవని 2013లో ఇలియట్ కెంబర్ అను సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఎత్తిచూపగా పెద్ద చర్చ జరిగినది. తరువాత, చూపుటకు ముందు విండోస్ పాస్‌వర్డు అడుగు ఏర్పాటు చేసిరి. విండోస్‌కే పాస్‌వర్డు లేని సెంటరులో ఈ ఏర్పాటు వలన ప్రయోజనమేమి? ఫైర్‌ఫాక్స్‌లో ప్రధాన పాస్‌వర్డు పెట్టనిచో, రెండు ఫైళ్లను పెన్‌డ్రైవులో పట్టుకొనిపోయి వేరొకచోట విప్పవచ్చును.

మనిషి రానక్కరలేదు కూడ. ఉచితమని దింపుకొను దొంగకాపీ సాఫ్ట్‌వేర్‌లతో కలిసి వచ్చు కొన్ని ప్రోగ్రాములు ఈ ఫైళ్లనే వెదకి, విప్పి, దూరమునకు పంపివేయును. అట్టి వానిలో ఒకటైన రెడ్‌లైన్‌ను 2024 అక్టోబరులో నెదర్లాండ్స్ పోలీసులు ఇతర దేశములతో కలిసి అడ్డగించిరి. అంతటితో ఆ జాతి నశించలేదు, కలుపు వంటిదే.

మరియొక చిక్కు గలదు. సెంటరులోని క్రోమ్‌లో మీ గూగుల్ ఖాతాతో ప్రవేశించి, సింక్‌కు ఒప్పుకొన్నచో, మీ ఫోనులో దాచినవి సైతము అచ్చటికి దిగివచ్చును. ఈ-మెయిలు అన్యుల చేత చిక్కినచో, దాని ద్వారా మిగిలిన ఖాతాల పాస్‌వర్డులు మార్చుటకును వీలగును.

అట్లని దాచుట ఎల్లప్పుడు తప్పని నా అభిప్రాయము కాదు. తాళము గల సొంత ఫోనులో దాచుకొనుట, అన్నిటికి ఒకే పాస్‌వర్డు పెట్టుటకంటె మేలు. ఇతరుల కంప్యూటరులో మాత్రము ఇన్‌కాగ్నిటో కిటికీ తెరచి పని చేసికొని, లాగౌట్ అయి, కిటికీని మూయవలెను. కార్యాలయములో ప్రతి ఉద్యోగికి వేరు విండోస్ ఖాతా, దానికొక పాస్‌వర్డు ఉండవలెను.

ఇదివరకే దాచియున్నచో అచ్చట తుడిచివేయుట చాలదు, చూచినవారు చూచియే యుందురు. సొంత ఫోను నుండి పాస్‌వర్డునే మార్చవలెను. మొదట ఈ-మెయిలుది, పిదప బ్యాంకుది. ఖాతాలో సొమ్ము పోయినట్లు తెలిసినచో ఆలస్యము చేయక వెంటనే 1930కి ఫోను చేయవలెను.