ఫెర్మా పొరబడిన సంఖ్య

ముప్పదిరెండు రెండ్లను గుణించి, వచ్చిన లబ్ధమునకు ఒకటి చేర్చినచో 4,29,49,67,297 వచ్చును. పైకి ఏ విశేషమును లేనట్లు కనిపించు ఈ పదియంకెల సంఖ్య, ప్రధానసంఖ్య యను పేరుతో తొంబదియేండ్లకు పైగా చెలామణి యయ్యెను.

ఆ పేరు పెట్టినవాడు సామాన్యుడు కాడు. ఫ్రాన్సు దేశమున తులూజ్ నగర న్యాయస్థానములో పనిచేయుచు, తీరిక వేళల గణితము సాధించిన పియర్ ద ఫెర్మా. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదునారు రెండ్లతో ఇట్లే చేసినచో 3, 5, 17, 257, 65,537 వచ్చును. అన్నియు ప్రధానసంఖ్యలే. తరువాతివియు అట్టివే యని 1640లో ఆయన తన లేఖలలో వ్రాసెను. ఉపపత్తి దొరకలేదని ఒప్పుకొనెను గాని నమ్మకము విడువలేదు.

1729లో గోల్డ్‌బాఖ్ ఈ విషయమును ఆయిలర్‌కు జ్ఞప్తి చేసెను. 1732లో, ఇరువదియైదేండ్ల ఆయిలర్, ఆ సంఖ్య 641, 67,00,417ల లబ్ధమని సెయింట్ పీటర్స్‌బర్గులో ప్రకటించెను. నమ్మకము కుదరని విద్యార్థి పలకమీద గుణించి చూచుకొనవచ్చును.

641 ఎట్లు చిక్కినది? రెండు మొదలుకొని ప్రధానసంఖ్యలతో వరుసగా భాగించుచు పోయినచో 641 వచ్చునది నూటపదునారవ మారు. ఓపిక గలవానికి అదియు అసాధ్యము కాదు. కాని ఆయిలర్ నిరూపించిన నియమము ననుసరించి, ఈ సంఖ్యను భాగించు ప్రధానసంఖ్య ఏదైనను 64 యొక్క గుణిజముకంటె ఒకటి ఎక్కువగా నుండవలెను. 65, 129, 193 అని లెక్కించుచు, వానిలో ప్రధానసంఖ్యలు కానివానిని తీసివేసినచో 193, 257, 449, 577, 641 మిగులును. అయిదవ భాగహారముతో పని ముగియును!

ఈ నియమమునకు మూలమైన సిద్ధాంతము ఫెర్మాదే. ఒక ప్రధానసంఖ్య రెండును భాగింపనిచో, దానికంటె ఒకటి తక్కువైన ఘాతమునకు రెండును హెచ్చించి దానిచే భాగింపగా శేషము ఒకటి యగును. మన సంఖ్యను భాగించు ప్రధానసంఖ్య విషయమున, శేషము ఒకటిగా వచ్చు మొదటి ఘాతము 64. కనుక ఒకటి తీసివేసిన ఆ ప్రధానసంఖ్యను 64 నిశ్శేషముగా భాగింపవలెను. ఈ సిద్ధాంతమును ఫెర్మా వ్రాసినదియు 1640లోనే. తాళపుచెవి చేతనే యున్నను ఆయన తలుపు తెరచి చూడకపోవుట వింతయే.

ఉపాధ్యాయులు నల్లబల్లమీద చూపదగిన మరియొక ముచ్చట కలదు. 641 అనగా 5×128+1; అదియే 625+16. కనుక 641చే భాగించునపుడు 5×128కి శేషము −1. నాలుగవ ఘాతమునకు హెచ్చింపగా, 625ను రెండు యొక్క 28వ ఘాతముచే గుణించినపుడు శేషము 1 యగును. 625 స్థానమున −16 నుంచినచో, రెండు యొక్క 32వ ఘాతమునకు శేషము −1. ఒకటి చేర్చగా సున్న. పెద్ద భాగహారము చేయకయే విషయము తేలినది.

65,537 తరువాత ఈ వరుసలో మరియొక ప్రధానసంఖ్య నేటివరకు కనబడలేదు. 1,67,77,216 రెండ్లను గుణించి ఒకటి చేర్చగా వచ్చు సంఖ్యకు అరువదిలక్షలకు లోపుగా, ఏబదిలక్షలకు పైగా అంకెలు గలవు. అది ప్రధానసంఖ్య కాదని 1999లో యంత్రగణనముచే తేలినది. దానిని భాగించు సంఖ్య మాత్రము ఒక్కటియు ఇంకను దొరకలేదు.