బడి తెరిచి ఉన్నప్పుడే భాషా పండుగ

ఆగస్టు వచ్చిందంటే ఫిలిప్పీన్స్ బడుల్లో సందడే వేరు. మగపిల్లలు పల్చటి బరోంగ్ చొక్కాలు, ఆడపిల్లలు సంప్రదాయ రవికెలు, పొడవాటి పావడాలు వేసుకొస్తారు. వ్యాసరచన, వక్తృత్వం, పాటలు, జానపద నృత్యాలు నెలంతా సాగుతాయి. ఇది వాళ్ల జాతీయ భాషా మాసం.

ఈ పండుగ మొదట్లో ఆగస్టులో లేదు. 1954లో అప్పటి అధ్యక్షుడు రామన్ మెగసెసే (మనకు అవార్డు పేరుగా తెలిసిన ఆయనే) మార్చి 29 నుంచి ఏప్రిల్ 4 వరకు భాషా వారం జరపాలని ప్రకటించారు. తగాలోగ్ మహాకవి బాలగ్తాస్ పుట్టిన ఏప్రిల్ 2 ఆ వారంలోనే వస్తుంది. ఉద్దేశం మంచిదే. తీరా చూస్తే అప్పటికి బడులకు సెలవులు! పిల్లలు లేకుండా భాషా పండుగేమిటి? మరుసటి ఏడాదే దాన్ని ఆగస్టు 13–19కి మార్చారు. చివరి రోజు మాన్యుయెల్ కెజోన్ జయంతి. 1997లో ఫిదెల్ రామోస్ ఆ వారాన్ని నెలగా చేశారు.

కెజోన్ పేరు ఎందుకంటే, కొంచెం వెనక్కి వెళ్లాలి. 1901 ఆగస్టులో 'థామస్' అనే ఓడలో సుమారు 500 మంది అమెరికన్ టీచర్లు మనీలాలో దిగారు. బడి చదువు ఇంగ్లిష్‌లోకి మారింది. దేశానికి సొంత భాష కావాలని పట్టుబట్టిన అధ్యక్షుడు కెజోన్, 1937 డిసెంబర్ 30న తగాలోగ్ ఆధారంగా జాతీయ భాష ఉంటుందని ప్రకటించారు. జాతీయ వీరుడు హోసే రిజాల్‌ను స్పెయిన్ పాలకులు 1896లో కాల్చి చంపింది కూడా డిసెంబర్ 30నే. 1940 నుంచి బడుల్లో ఆ భాష బోధన మొదలైంది.

భాషా మాసంలో చూడదగ్గది బాలగ్తాసన్. ఇద్దరు కవులు ఒక విషయం మీద పద్యాల్లోనే వాదించుకుంటారు. 1924 ఏప్రిల్ 6న మనీలాలో తొలిసారి జరిగింది. పేరు బాలగ్తాస్ మీద పెట్టిందే. బడి పిల్లలు ఇప్పటికీ పోటీలుగా ఆడతారు. మన బడుల్లో వక్తృత్వ పోటీలకు బదులు ఇలాంటిది పద్యాల్లో ఒకసారి పెట్టి చూడొచ్చు.

అయితే, ఆ దేశంలో నూటికి పైగా భాషలున్నాయి. సెబువానో, ఇలోకానో, హిలిగాయనోన్ మాట్లాడే ఇళ్ల పిల్లలకు తగాలోగ్ మీద కట్టిన జాతీయ భాష కూడా నేర్చుకోవాల్సిన భాషే. తగాలోగ్‌కే పెద్దపీట వేశారని సెబువానో వాళ్లు చాలాకాలంగా అంటూనే ఉన్నారు. అందుకే 2012లో కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి దాకా ఇంటి భాషలో బోధన అమల్లోకి తెచ్చారు. 2013లో దానికి చట్టం అండ వచ్చింది. మొదట 12 భాషలు, తర్వాత 19.

పుస్తకాలు చాలలేదు. శిక్షణ పొందిన టీచర్లు దొరకలేదు. ఒకే తరగతిలో నాలుగైదు ఇంటి భాషల పిల్లలు కూర్చుంటే ఏ భాషలో చెప్పాలన్నది తేలలేదు. 2024 అక్టోబర్‌లో కొత్త చట్టం వచ్చి ఇంటి భాష మాధ్యమాన్ని తప్పనిసరి కాకుండా చేసింది. మళ్లీ ఫిలిపినో, ఇంగ్లిష్. ఇంటి భాషలు సాయంగా మాత్రమే. నా మట్టుకు నాకు ఇది వెనకడుగే. లోపం పుస్తకాల సరఫరాలో ఉంటే శిక్ష భాషకు పడింది.

మన దగ్గర కూడా ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, గిడుగు రామమూర్తి జయంతి. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో పనిచేస్తూ, సవర పిల్లల కోసం సవర భాషలోనే వాచకాలు రాసిన మనిషి ఆయన. ముందు పుస్తకం ఉండాలన్నది ఆయనకు నూరేళ్ల కిందటే తెలుసు.

ఫిలిప్పీన్స్ కొత్త చట్టం ఒక దారి మాత్రం మూయలేదు. తరగతిలో పిల్లలందరిదీ ఒకే ఇంటి భాష అయితే, బడి ఆ భాషలో చెప్పుకోవచ్చు. అందుకు ఆమోదించిన లిపి, రాతపద్ధతి, నమోదైన పదజాలం, సాహిత్యం, వ్యాకరణ పుస్తకం ఉండాలి. ఆ ప్రాంతంలోనే ఆ భాష మాట్లాడే, అందులో బోధించే శిక్షణ పొందిన టీచరు కూడా ఉండాలి. సరిహద్దు జిల్లాల్లో తెలుగు మాధ్యమం బడి నడుపుతున్నవారికి ఈ చివరి షరతు గురించి వేరే చెప్పనక్కర్లేదు.