చిగుళ్ల నెత్తురు, మనసులో దిగులు

నెల తప్పిన కొన్ని వారాలకు చాలామందికి పళ్లు తోముకుంటుంటే ఉమ్మిలో నెత్తురు చార కనిపిస్తుంది. భయపడి బ్రష్ పక్కన పెట్టేస్తారు. మర్నాటికి చిగురు అంచున పాచి ఇంకాస్త పేరుకుంటుంది, నెత్తురు ఇంకాస్త వస్తుంది. తప్పు బ్రష్‌ది కాదు. గర్భిణి ఒంట్లో ప్రొజెస్టిరాన్, ఈస్ట్రోజన్ హార్మోన్లు పెరగడంతో, మామూలప్పుడు చిగుళ్లు ఓర్చుకునే కాస్త పాచికే ఇప్పుడు ఎర్రబడి ఉబ్బుతాయి. గర్భిణుల్లో 60 నుంచి 75 శాతం మందికి ఈ వాపు ఉంటుందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా. కడుపులో బిడ్డ తల్లి పళ్లలోని కాల్షియం లాగేసుకుంటుందని మన ఇళ్లలో అనే మాట మాత్రం నిజం కాదు.

మరి మనసు సంగతి? ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం వర్ధమాన దేశాల్లో గర్భిణుల్లో 15.6 శాతం, బాలింతల్లో 19.8 శాతం మంది మానసిక సమస్యతో, ముఖ్యంగా కుంగుబాటుతో బాధపడుతున్నారు. మంచం దిగడమే కష్టంగా ఉన్న మనిషి రాత్రిపూట పళ్లు ఎక్కడ తోముతుంది? అన్నం సహించక బిస్కెట్లతో, తీపితో సరిపెట్టుకుంటుంది. ఆందోళనతో నిద్రలో పళ్లు కొరుకుతుంది. ఎడతెగని ఒత్తిడిలో కార్టిసాల్ అనే హార్మోను పెరిగి, సూక్ష్మజీవులతో ఒంటి పోరాటం గాడి తప్పుతుంది. కుంగుబాటుకు వాడే కొన్ని మందులు నోరు ఎండబెడతాయి. లాలాజలం తగ్గితే పళ్లు పుచ్చడం సులువవుతుంది. అలాగని మందులు సొంతంగా మానేయకూడదు, డాక్టరుకు చెప్పాలి.

నోటి నుంచి మనసుకూ దారి ఉంది. పంటిపోటుతో నిద్ర కరువవుతుంది. నోటి వాసనకు సిగ్గుపడి పక్కవాళ్లతో మాట తగ్గిస్తుంది. ఈ రెండు బాధలూ తరచు కలిసే కనిపిస్తాయని అధ్యయనాలు చెబుతున్నాయి. ఏది ముందో తేలలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. చిగుళ్ల జబ్బుకూ నెలలు నిండని కాన్పుకూ సంబంధం ఉందని 1996లో అమెరికా పరిశోధకులు రాశాక, ఆ మాట గర్భిణులను బెదిరించడానికే ఎక్కువ పనికొచ్చింది. 823 మంది గర్భిణులపై జరిగి 2006లో వెలువడిన పరీక్షలో, చిగుళ్లకు వైద్యం చేసినా అలాంటి కాన్పులు తగ్గలేదు. అయితే ఆ వైద్యం తల్లీబిడ్డలకు సురక్షితమని అదే పరీక్ష చూపింది. కాన్పయ్యేదాకా పంటి డాక్టరు దగ్గరికి వెళ్లకూడదన్న భయానికి ఆధారం లేదు; గార తీయించుకోవచ్చు, మత్తు సూది వేయించుకుని పుప్పి పన్ను నింపించుకోవచ్చు. కడుపుతో ఉన్నానని మాత్రం ముందే చెప్పాలి.

వేవిళ్లతో వాంతయిన వెంటనే బ్రష్ పట్టకండి. కడుపులోంచి వచ్చిన ఆమ్లానికి పంటి పింగాణీ మెత్తబడి ఉంటుంది, రుద్దితే అరుగుతుంది. కప్పు నీళ్లలో చెంచా వంటసోడా వేసి పుక్కిలించి, గంట ఆగి తోముకోండి.

ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. బీపీ, రక్తం, స్కానింగ్ చూస్తున్నప్పుడే చిగుళ్ల సంగతి, నిద్ర సంగతి మీరే ఎత్తండి. దిగులు వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.