అంకణం నుండి ఫ్లాటు వరకు: భవన నమూనా సాఫ్ట్‌వేర్‌లో ఇంటి రకాల గణన - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక గృహసముదాయంలో ఏ రకం ఇళ్లు ఎన్ని ఉన్నాయన్న లెక్క సులభంగా తోస్తుంది. కంప్యూటర్‌లో భవనాన్ని నిర్మించే సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఈ లెక్క దానంతట అది రాదు. ఇల్లు అంటే ఏమిటో, రకం అంటే ఏమిటో ముందుగా నిర్వచించాలి. అనంతపురం ప్రాంతపు మిద్దెల లెక్కలో వాడుకలో ఉన్న ‘అంకణం’ అనే మాటను, భారతీయ తర్కంలోని జాతి - వ్యక్తి భేదాన్ని ఆధారం చేసుకొని ఈ గణన పద్ధతిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అంకణం, మిద్దె, ఫ్లాటు, జాతి - వ్యక్తి, రెవిట్, పట్టిక, పరిభాష.

1. ఉపోద్ఘాతం:
ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం 2015 జూన్‌లో ప్రారంభమైంది. దీని కింద ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో టిడ్కో సంస్థ 300, 365, 430 చదరపు అడుగుల చొప్పున మూడు రకాల ఫ్లాట్లను చేపట్టింది. లబ్ధిదారు చెల్లించవలసిన వాటా ఇంటి రకాన్ని బట్టి మారుతుంది. కనుక పట్టికలో ఒక ఇల్లు ఒక రకం కింద చేరిందా, మరొక రకం కింద చేరిందా అన్నది ఒక కుటుంబం అప్పుకు సంబంధించిన విషయం.

ప్రైవేటు నిర్మాణాల విషయంలో ఈ లెక్క చట్టబద్ధమైన బాధ్యత కూడా. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం 4వ సెక్షన్ ప్రకారం అమ్మకానికి ఉన్న ఫ్లాట్ల సంఖ్య, రకం, కార్పెట్ ఏరియా నమోదు సమయంలోనే తెలపాలి. 11వ సెక్షన్ ప్రకారం ఏయే రకాలలో ఎన్ని ఫ్లాట్లు బుక్ అయ్యాయో మూడు నెలలకొకసారి ప్రకటించాలి. ‘సంఖ్య’, ‘రకం’ అనే ఈ రెండు మాటలే ప్రస్తుత వ్యాసానికి మూలం.

2. అంకణం - మిద్దెల లెక్క:
అనంతపురం పీఠభూమి వానలు తక్కువగా పడే నేల. ఇక్కడి సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ వాతావరణానికి తగినట్లు ఏర్పడిన ఇల్లు మట్టి మిద్దె. స్తంభాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి పైన చవుడు మట్టి పరిచిన చదునైన కప్పు దీని లక్షణం. ఒక దూలానికీ మరొక దూలానికీ నడుమ ఉండే ఎడాన్ని అంకణం అంటారు. రాయలసీమలో ఇంటి పరిమాణాన్ని చెప్పడానికి ‘మూడంకణాల మిద్దె’, ‘అయిదంకణాల మిద్దె’ అనే వాడుక ఉంది.

ఈ పేరులో రెండు గుణాలు కనిపిస్తాయి. మొదటిది, అంకణాన్ని కంటితో లెక్కించవచ్చు. ఇంట్లో నిలబడి పైకి చూస్తే లెక్క తేలిపోతుంది. రెండవది, పేరు తెలిస్తే కట్టుబడికి కావలసిన సామగ్రి అంచనాకు వస్తుంది. అంకణాల సంఖ్య వినగానే ఎన్ని దూలాలు కావాలో వడ్రంగి ఊహించగలడు.

అయితే అంకణం కొలత అంతటా ఒకటి కాదు. భూమి కొలతగా నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36 చదరపు అడుగులు. మాట ఒకటే అయినా విలువ రెట్టింపు. కొలమానాన్ని నిర్వచించకుండా పేరును మాత్రమే నమ్మితే లెక్క ఎంత తప్పగలదో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

3. జాతి - వ్యక్తి:
పదానికి అర్థం ఏమిటన్న చర్చలో న్యాయదర్శనం వ్యక్తి, ఆకృతి, జాతి అనే మూడింటిని గుర్తించింది. ‘గోవు’ అన్న మాట ఎదుట నిలిచిన ఒక ఆవును చెప్పవచ్చు, ఆవులన్నిటికీ సమానమైన గోత్వాన్నీ చెప్పవచ్చు. భవన నమూనా సాఫ్ట్‌వేర్ ఈ భేదం మీదనే నిలిచి ఉంది. 2000లో విడుదలై, 2002లో ఆటోడెస్క్ సంస్థ చేతికి వచ్చిన రెవిట్‌లో ప్రతి తలుపుకూ రెండు విధాల లక్షణాలు ఉంటాయి. వెడల్పు, ఎత్తు వంటివి సాధారణంగా ‘టైప్’ లక్షణాలు, అంటే జాతికి చెందినవి. ఆ తలుపు ఏ అంతస్తులో ఉంది, దాని వరుస సంఖ్య ఎంత అన్నవి ‘ఇన్‌స్టెన్స్’ లక్షణాలు, అంటే వ్యక్తికి చెందినవి. జాతి లక్షణాన్ని ఒకచోట మారిస్తే ఆ జాతికి చెందిన తలుపులన్నీ మారతాయి. అందువల్ల ఏ రకం తలుపులు ఎన్ని అన్న పట్టిక క్షణాలలో సిద్ధమవుతుంది.

4. సాఫ్ట్‌వేర్‌కు ఇల్లు తెలియదు:
తలుపుకు ఉన్న ఈ సౌకర్యం ఫ్లాటుకు లేదు. గోడ, తలుపు, కిటికీ, గది రెవిట్‌కు తెలిసిన వస్తువులు. కొన్ని గదులు కలిసి ఒక కుటుంబం ఉండే ఇల్లు అవుతుందన్నది మనిషికి తెలిసిన విషయం. ఉదాహరణకు ఒక బ్లాకులో నాలుగు అంతస్తులు, అంతస్తుకు ఎనిమిది ఫ్లాట్లు చొప్పున 32 ఫ్లాట్లు ఉన్నాయనుకుందాం. ప్రతి ఫ్లాటులో హాలు, పడకగది, వంటగది, స్నానాలగది, మరుగుదొడ్డి ఉంటే గదుల పట్టికలో 160 వరుసలు వస్తాయి. అడిగినది ఇళ్ల లెక్క, వచ్చినది గదుల లెక్క.

వైశాల్యం విషయంలోనూ చిక్కు ఉంది. చట్టం నిర్వచించిన కార్పెట్ ఏరియాలో బయటి గోడలు, సర్వీసు షాఫ్టులు, ఆ ఫ్లాటుకే చెందిన బాల్కనీ, వరండా, పైకప్పులేని టెర్రస్ చేరవు. లోపలి అడ్డుగోడలు మాత్రం చేరుతాయి. గదుల వైశాల్యాలను విడివిడిగా కూడితే అడ్డుగోడలు ఆక్రమించిన చోటు లెక్కలోకి రాదు. కనుక గదుల మొత్తం కార్పెట్ ఏరియా కంటే తక్కువగానే తేలుతుంది.

5. ఒక ఇంటికి ఒక గుర్తు:
ఈ చిక్కుకు పరిష్కారం ఒక ఫ్లాటుకు ఒకే ఒక లెక్కింపదగిన గుర్తును ఏర్పరచడం. దీనికి వాడుకలో ఉన్న పద్ధతులు ముఖ్యంగా మూడు.

మొదటిది ‘ఏరియా ప్లాన్’ పద్ధతి. ప్రతి ఫ్లాటు చుట్టూ, బయటి గోడల లోపలి అంచు వెంబడి హద్దు గీసి, ఆ హద్దులో ఒకే ‘ఏరియా’ను ఉంచుతారు. అడ్డుగోడలు ఆ హద్దు లోపలే ఉంటాయి. బాల్కనీని హద్దుకు వెలుపల విడిచిపెడితే వైశాల్యం చట్టపు నిర్వచనానికి సరిపోతుంది. ఆ ఏరియాకు ఇంటి రకం, ఇంటి సంఖ్య అనే లక్షణాలను జోడించి పట్టిక తీస్తారు. పట్టికను రకాన్ని బట్టి వర్గీకరించి, ప్రతి వస్తువునూ విడి వరుసగా చూపే ఎంపికను తొలగిస్తే రకానికి ఒక వరుస, దాని ఎదుట సంఖ్య మిగులుతాయి.

రెండవది ‘గ్రూప్’ పద్ధతి. ఒక రకం ఫ్లాటులోని గోడలు, తలుపులు, గదులను ఒక గ్రూపుగా కట్టి, కావలసిన చోటల్లా నిలుపుతారు. ఒక వంటగది కిటికీ మారితే ఆ రకం ఇళ్లన్నిటిలోనూ మారుతుంది. గీయడానికి ఇది ఎంతో అనుకూలం. కాని గ్రూపులను నేరుగా పట్టికలోకి తెచ్చే సౌకర్యం రెవిట్ పాత వెర్షన్లలో ఉండేది కాదు. అందుచేత గ్రూపుతో పాటు లెక్కకు మరొక గుర్తు అవసరమయ్యేది.

మూడవది ‘గుర్తు వస్తువు’ పద్ధతి. ఫ్లాటుకు ఒకటి చొప్పున చిన్న వస్తువును తయారుచేసి గ్రూపులోనే ఉంచుతారు. ఇంటి రకం ఆ వస్తువుకు జాతి లక్షణం. ఇంటి సంఖ్య వ్యక్తి లక్షణం. గ్రూపును ఎన్ని చోట్ల నిలిపితే అన్ని గుర్తులు లెక్కకు వస్తాయి. వైశాల్యాన్ని ఈ వస్తువు కొలవలేదు కనుక మొదటి పద్ధతిని దీనికి తోడుగా వాడడం మేలు.

6. పేరు పెట్టడంలో జాగ్రత్త:
పట్టిక అక్షరాలను పోల్చుతుందే గాని అర్థాన్ని గ్రహించదు. ‘2బిహెచ్‌కె’ అని ఒకచోట, ‘2 బిహెచ్‌కె’ అని మరొకచోట టైపు చేస్తే అవి రెండు రకాలుగా తేలుతాయి. ప్రతుల పరిష్కరణలో లేఖకుల రూపభేదాలను ఒక ప్రధానరూపం కిందికి తెచ్చే పని ఇక్కడా తప్పదు. రెవిట్‌లోని ‘కీ షెడ్యూల్’ ఈ అవసరాన్ని తీరుస్తుంది. రకాల జాబితాను, వాటి వివరాలను ముందుగా ఒక పట్టికలో రాసిపెడితే తరువాత ఆ జాబితా నుండి ఎంచుకోవడమే గాని కొత్తగా టైపు చేయవలసిన పని ఉండదు.

ఒక పేరులో అనేక విషయాలను ఇరికించడం మరొక దోషం. మన ప్రాంతంలో ఫ్లాటు తూర్పు ముఖమా, పడమటి ముఖమా అన్నది కొనేవారు తప్పక అడిగే ప్రశ్న. ఎదురెదురుగా ఉండే ఫ్లాట్లు తరచు అద్దంలో ప్రతిబింబం వలె తిరగబడి ఉంటాయి. రకం పేరులోనే ముఖాన్నీ చేర్చితే 365 చదరపు అడుగుల ఫ్లాట్లు మొత్తం ఎన్ని అన్న ప్రశ్నకు ముక్కలుగా సమాధానం వస్తుంది. రకం, ముఖం రెండు వేర్వేరు లక్షణాలుగా ఉండాలి.

7. పట్టికను సరిచూడటం:
పై ఉదాహరణలోని 32 ఫ్లాట్లలో 300 చదరపు అడుగులవి 16, 365వి 8, 430వి 8 అనుకుందాం. మొత్తం వైశాల్యం 11,160 చదరపు అడుగులు. ఒక 365 చదరపు అడుగుల ఫ్లాటును పొరపాటున 300 రకంగా గుర్తించినా మొత్తం సంఖ్య 32గానే ఉంటుంది. సంఖ్యను మాత్రమే చూసేవారికి తప్పు కనిపించదు. రకాన్ని బట్టి వేసిన వైశాల్యం 11,095కు తగ్గుతుంది. హద్దు నుండి సాఫ్ట్‌వేర్ కొలిచిన వైశాల్యం మాత్రం 11,160గానే నిలుస్తుంది. 65 చదరపు అడుగుల ఈ తేడా తప్పును పట్టిస్తుంది.

అయితే రెండు ఫ్లాట్ల రకాలు పరస్పరం తారుమారైతే మొత్తాలు కూడా సరిపోతాయి. అందుకే పోలిక మొత్తంలో కాక ప్రతి వరుసలోనూ జరగాలి. పటంలో రకానికొక రంగు వేసి చూడడం మరొక మార్గం. పై అంతస్తులన్నీ ఒకే తీరుగా ఉన్నప్పుడు ఒకచోట రంగు మారితే కన్ను వెంటనే పట్టుకుంటుంది. మిద్దెలో నిలబడి పైకి చూసి అంకణాలు లెక్కించడం వంటిదే ఇది.

8. పరిభాష సమస్య:
సాఫ్ట్‌వేర్ మారితే మాటల అర్థాలూ మారతాయి. ఆర్కిక్యాడ్‌లో ‘జోన్’ అంటే సాధారణంగా గది వంటి ఒక స్థలం. వివిధ సాఫ్ట్‌వేర్‌ల మధ్య సమాచార మార్పిడికి ఏర్పడిన ఐఎఫ్‌సి ప్రమాణంలో, అంటే ఐఎస్ఓ 16739లో, గదికి ‘స్పేస్’ అని పేరు. అక్కడ ‘జోన్’ అంటే కొన్ని స్థలాల సమూహం, అంటే ఫ్లాటు కావచ్చు. నెల్లూరు అంకణం, తిరుపతి అంకణం వంటి సందర్భమే ఇది. ఇళ్లు కట్టే వృత్తులవారి మాటలను సేకరించిన మాండలిక వృత్తి పదకోశాల సంప్రదాయం తెలుగుకు ఉంది. ఆ కృషి ఈ కొత్త పనిముట్ల మాటలకూ విస్తరించవలసి ఉంది.

9. ముగింపు:
• భవన నమూనా సాఫ్ట్‌వేర్ గదులను లెక్కిస్తుంది. ఇంటిని మనిషి నిర్వచించి ఇవ్వాలి.
• ఒక ఫ్లాటుకు ఒకే గుర్తు ఉండాలి. రకం జాతికి, సంఖ్య వ్యక్తికి చెందాలి.
• వైశాల్యాన్ని టైపు చేయక, చట్టపు నిర్వచనాన్ని అనుసరించిన హద్దు నుండి కొలవాలి.
• రకాల పేర్లు ముందే సిద్ధపరచిన జాబితా నుండి రావాలి. ముఖం వంటి గుణాలు వేరుగా ఉండాలి.
• ప్రకటించిన రకాన్ని, కొలిచిన వైశాల్యాన్ని వరుస వరుసకూ పోల్చి చూడాలి. ఇల్లు అందుకొనే కుటుంబం చెల్లించే మొత్తం ఆ వరుస మీదనే ఆధారపడి ఉంటుంది.