పడుచువయస్సున పక్షవాతము

పక్షవాతము ముదిమితో వచ్చు వ్యాధియని మనలో పెక్కుమంది తలచుచుందురు. అది పూర్తిగా నిజము కాదు. 20, 30 యేండ్ల ప్రాయమువారికిని అది వచ్చుట కలదు. అందులకు గల కారణములలో నెత్తురు హద్దుమీరి గడ్డకట్టుట యొకటి. సోదరీమణులకు ముఖ్యముగా తెలియవలసిన విషయమగుటచే దీనిని గూర్చి మేమిచట వ్రాయుచున్నాము.

గాయమైనపుడు నెత్తురు గడ్డకట్టకున్న ప్రాణము నిలువదు. ఆ గడ్డ మితిమీరకుండ నాపుటకు ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్, యాంటీథ్రాంబిన్ అను పదార్థములు నెత్తురులోనే యున్నవి. కొందరికివి పుట్టుకతోనే కొరవడును. గర్భిణికిని, బాలింతకును నెత్తురు సహజముగానే త్వరగా గడ్డకట్టును. కాన్పున రక్తస్రావము మితిమీరకుండుటకై ప్రకృతి చేసిన యేర్పాటిది. దీనికి పుట్టులోపమో, రక్తహీనతయో, ఒంట నీరు తగ్గుటయో తోడైనచో, మెదడునుండి నెత్తురును మరలించు సిరలలో గడ్డ యేర్పడవచ్చును. అపుడు నెత్తురు వెనుకకు నిలిచి మెదడు వాచును. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థవారు 2012లో ఇట్టి 428 మంది రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. వారి సగటు వయస్సు సుమారు 31 యేండ్లు మాత్రమే.

బాలింతకు దాహమైనను నీరియ్యరాదను కట్టుబాటు కొన్ని యిండ్లలో నింకను కలదు. పెద్దలు మేలుకోరియే యట్లు చెప్పుదురు. కాని కాచి చల్లార్చిన నీరు దప్పిక తీర నిచ్చుటవలన కీడు లేదు, ఇయ్యకుండుటవలననే కలదు.

దినదినము హెచ్చు తలనొప్పి, వాంతులు, చూపు మసకబారుట, మూర్ఛ, కాలుసేతులు పట్టుదప్పుట - వీనిని గాలిసోకినదనియో, సూతికావాతమనియో యెంచి కాలము గడపరాదు. వెంటనే పెద్దాసుపత్రికి చేర్పవలెను. గడ్డ పెరుగకుండ హెపారిన్ మందునిత్తురు. వేళకు చికిత్స జరిగిన చాలమంది కోలుకొందురు. ధమనిలో గడ్డ యడ్డుపడినచో మూతి వంకరవోవుట, మాట తడబడుట హఠాత్తుగా కనబడును. దానిని కరగించు మందు సాధారణముగా 4½ గంటలలోపల నియ్యవలసియుండును.

మరియొక లోపము కలదు. 1983లో లండనునందు గ్రాహం హ్యూస్ అను వైద్యుడు దానిని వర్ణించెను. అది గలవారికి గర్భము పలుమార్లు జారుటయు, చిన్నవయస్సుననే పక్షవాతము వచ్చుటయు సంభవించును. కడుపు నిలువలేదని కోడలిని నిందించుటకు ముందు నెత్తురు పరీక్ష చేయింపుడు. తగిన మందులతో అట్టివారిలో పెక్కుమంది బిడ్డల నెత్తుకొనుచున్నారు.

పుట్టినింట నెవరికైన చిన్నవయస్సున కాలిసిరలలో గడ్డ యేర్పడియున్నను, పక్షవాతము వచ్చియున్నను, ఆ సంగతి కాన్పునకు ముందును, సంతాననిరోధపు మాత్రలు వాడుటకు ముందును వైద్యునకు తప్పక చెప్పవలెను. వంశపుమాట బయటపడునని దాచుట తగదు. దాచిన మాట ప్రాణముమీదికి రావచ్చును.